టాక్సీలో దోమ

టాక్సీ పొట్ట విప్పి ఉంది. డాష్‌బోర్డు పలక ఊడి వెనక సీట్లో పడుంది. టేప్‌రికార్డరు దాని వైర్ల మీదే వేలాడుతోంది. డిక్కీ బార్లా తెరిచి ఉంది. ఇంజను మాత్రం ఆగలేదు. పొగ షెడ్డు రేకుల దాకా లేచి అక్కడే తిరుగుతోంది. ఆ పొగలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ డ్రైవరు పొద్దుటినుంచి అంటున్న మాటే మళ్ళీ అన్నాడు.

"ఉంది బాబాయ్. దోమ ఇంకా ఉంది."

ముందు సీట్ల మధ్య సగం తలకిందులుగా ఇరుక్కున్న ఎర్త్ బాబాయ్ ముందు తల తిప్పి డ్రైవరు మొహం చూశాడు. ఆ తర్వాతే, "ఎక్కడ?" అన్నాడు.

"ఎక్కడేంటి, పాటలో. యాక్సిలరేటర్ తొక్కితే గుయ్‌మని లేస్తోంది, వదిలితే దిగుతోంది. నీకు వినపడట్లేదా?"

"ఎందుకు వినపడదు? అదే చూస్తున్నా," అన్నాడు బాబాయ్.

అబద్ధం. అతనికి పాట వినిపిస్తోంది. పాటలో డప్పు వినిపిస్తోంది, మగ గొంతు వినిపిస్తోంది. దోమ వినపడటం లేదు. దోమ ఉన్న చోట అతనికి దూది పెట్టినట్టు ఖాళీగా ఉంది.

కార్లలో పాటల పెట్టెలు బిగించే ఆ షెడ్డులో, స్పీకర్ల లోంచి వచ్చే ఇంజను మోతను అందరూ దోమ అనే పిలుస్తారు. కారు నడిచేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ పుట్టించే సన్నటి ఊళ అది. ఏదో ఒక సందు దొరికితే పాట వైరులోకి దూరుతుంది. అన్ని కార్లలోనూ దూరదు. దూరిందంటే ఎక్కడో ఎవరో ఒక తప్పు చేసినట్టు. ఆ తప్పు దొరికేదాకా అది పోదు.

ఈ టాక్సీ వెనక్కి రావడం ఇది మూడోసారి. మొదటిసారి బాబాయ్ పాట వైరునీ కరెంటు వైరునీ విడదీసి చెరో పక్కనుంచీ లాగాడు. రెండోసారి మోతను వడకట్టే చిన్న డబ్బా ఒకటి బిగించాడు. రెండుసార్లూ డ్రైవరు సంతోషంగా వెళ్ళి, ఊరి చివరి దాకా పోయి, మొహం మాడ్చుకుని వచ్చాడు. ఇవాళ పొద్దున ఓనరు తన అద్దాల గది లోంచి బయటికొచ్చి, గొంతు తగ్గించి, బాబాయ్ భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు. భుజం మీద చెయ్యేసినప్పుడే బాబాయ్‌కి అర్థమైంది, ఇది మామూలు మాట కాదని. అతని పెదాల వంక కళ్ళార్పకుండా చూశాడు.

"మా నాన్న కాలం నుంచీ ఉన్నావు. నిన్నేదైనా అనాలంటే నాకు నోరు రాదు. కానీ ఈ బండి మళ్ళీ వెనక్కి వస్తే మాత్రం ఈ సీటుకి ఇంకొకర్ని చూసుకోక తప్పదు బాబాయ్."

బాబాయ్ ఊఁ అన్నాడు.

అది ఒక దెబ్బ. రెండో దెబ్బ డ్రైవరు వేశాడు, ఏమీ తెలియకుండానే. బండి సాయంత్రానికల్లా కావాలన్నాడు. రైలు బేరం ఉందన్నాడు. ఎవరని బాబాయ్ ఊరికే అడిగాడు. డ్రైవరు విచిత్రంగా చూశాడు.

"ఎవరేంటి బాబాయ్, మన పిన్ని. మీ ఇంటికే కదా నేను వెళ్ళాల్సింది. రెండు పెట్టెలు సర్ది వాకిట్లో పెట్టింది. కుట్టుమిషన్ని రేపు లారీలో వేయమని నాకే చెప్పింది. నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు బాబాయ్.

అదీ అబద్ధమే. నిన్న రాత్రి అన్నం తింటున్నప్పుడు భార్య పొయ్యి వైపు తిరిగి ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. అతను అన్ని మాటలకీ ఊఁ అన్నాడు. ఆ మాటల్లో ఒకచోట చెల్లెలు అన్న మాట తగిలింది. చెల్లెలింటికి నాలుగు రోజులు వెళ్ళొస్తుంది కాబోలనుకున్నాడు. కానీ నాలుగు రోజులకి వెళ్ళేవాళ్ళు ఎవరూ కుట్టుమిషను తీసుకెళ్ళరు.

పట్టుకారు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆవిడ తిరిగి రాదు.

*

అతనికి ఎర్త్ బాబాయ్ అనే పేరు పాత ఓనరు పెట్టాడు. ఏ బండి వచ్చినా, ఏ రోగం చెప్పినా, అతని నోట్లోంచి మొదట వచ్చే మాట ఒకటే: ముందు ఎర్త్ చూడాలి. కరెంటు వచ్చే దారి గురించి అందరూ పట్టించుకుంటారు, అది తిరిగి వెళ్ళే దారి గురించి ఎవరూ పట్టించుకోరని అతని ఫిర్యాదు. తిరిగి వెళ్ళే దారి కారు ఇనుప ఒంట్లోంచి ఉండాలి. వైరు కొసని ఆ ఇనుముకి తాకించి బిగించాలి. రంగు గీకకుండా బోల్టు బిగిస్తే పైకి అంతా బాగానే ఉంటుంది, లోపల దారి ఉండదు. దారి లేని కరెంటు ఊరుకోదు, పాట వెళ్ళే వైరులోంచి దూరి ఇంటికి పోతుంది. వెళుతూ వెళుతూ దోమని పాడించి పోతుంది.

పక్కింటి ఫ్రిజ్ పాడైనా ఎర్త్ చూడమనేవాడు. ఓనరుగారి బావమరిది పెళ్ళాంతో గొడవపడి షెడ్డుకొచ్చి తల పట్టుకుని కూర్చుంటే కూడా, ఎర్త్ సరిగ్గా పడినట్టు లేదు అన్నాడట. ఆ మాట ఊళ్ళో చాలాకాలం తిరిగింది.

భార్యని అతను కలిసింది కూడా దోమ వల్లనే. షెడ్డు పక్కన అప్పట్లో క్యాసెట్ల కొట్టు ఉండేది. అందులో ఆవిడ కౌంటరు దగ్గర కూర్చునేది. అతను రోజూ వచ్చి ఏమీ నింపని ఖాళీ క్యాసెట్ ఒకటి అడిగి తీసుకెళ్ళేవాడు, సాయంత్రం తిరిగి ఇచ్చేసేవాడు. కొన్నాళ్ళు చూసి చూసి ఆవిడ అడిగింది, ఇందులో ఏముందని వింటున్నారని. ఏమీ లేదు, ఏమీ వినపడకూడదు, అదే నా పని అన్నాడతను. పాట ఉంటే దోమ పాట కింద దాక్కుంటుంది. ఖాళీ క్యాసెట్ వేస్తే దాక్కోవడానికి చోటుండదు. ఆవిడకి ఆ మాట నచ్చింది. కొట్టు మూసే వేళకి షెడ్డుకొచ్చి, నేనూ వింటానంది.

వినడం అంటే ఆవిడ వినడమే. డ్రైవరు సీట్లో కూర్చునే ముందు చెప్పులు విప్పి కింద పెట్టేది. చెప్పు అడ్డముంటే ఇంజను కాలికి తెలీదనేది. ఒట్టి పాదంతో యాక్సిలరేటర్ తొక్కుతూ కళ్ళు మూసుకునేది. అతను వెనక డిక్కీలో వైర్లు కదుపుతూ ఉండేవాడు. దోమ వినపడగానే ఆవిడ "ఉంది" అనేది. అంటూనే తనకి తెలియకుండా కుడిచేతి చూపుడువేలు స్టీరింగు మీంచి పైకి లేపేది. మోత తగ్గితే వేలు వంగేది. పూర్తిగా పోతే వేలు మడిచి, "లేదు" అనేది. ఆ "లేదు" అన్న మాటలో ఎంత తృప్తి ఉండేదంటే, దాని కోసమే అతను కొన్ని బళ్ళకి అవసరం లేకపోయినా ఆవిడని పిలిచేవాడు.

పెళ్ళయ్యాక కూడా అది మానలేదు. పిల్లలు లేని ఇల్లు. సాయంత్రం ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి షెడ్డుకి వచ్చేది. షెడ్డులో అందరూ ఆవిడని పిన్ని అనేవాళ్ళు. పిన్ని విని లేదంటే ఆ బండి ఇక వెనక్కి రాదని పాత ఓనరు ధీమాగా ఉండేవాడు.

ఎప్పుడు మొదలైందో బాబాయ్‌కి తెలీదు. రేకుల కింద దూలం సందులో పిచ్చుకలు ఉండేవి. ఒకరోజు షెడ్డు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి పైకి చూశాడు. పిచ్చుకలు వెళ్ళిపోయాయనుకున్నాడు. బాధపడ్డాడు కూడా. కానీ రోజూ పొద్దున బళ్ళ మీద రెట్టలు ఉండేవి, ఓనరు తిట్టుకుంటూ తుడిపించేవాడు. ఆ తర్వాత ఇంట్లో కుక్కరు కూతలు పోయాయి. రెండుసార్లు అడుగంటింది. ఆ తర్వాత ఆవిడ గొంతు. పోలేదు, పలచబడింది. ఎదురుగా ఉంటే మాట తెలిసేది. అటు తిరిగితే గొణుగుడులా వచ్చేది. మళ్ళీ చెప్పు అని అడగాలంటే సిగ్గు. అందుకని ఊఁ అనడం నేర్చుకున్నాడు. ఊఁ చాలా సౌకర్యమైన మాట. దేనికైనా సరిపోతుంది.

చెవి పోయిన దోమల వైద్యుడిని ఎవరు ఉంచుకుంటారు? ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి అసలే చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ అతన్ని మొదట ఇష్టపడిందే వినేవాడని.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ సీట్లో కూర్చుని "ఉంది" అంది. అతను డిక్కీ మూసేశాడు. ఆవిడ మళ్ళీ అంది. బండి ఆసామి పక్కనే నిలబడి చూస్తున్నాడు. బాబాయ్‌కి ఏమీ వినపడలేదు. నిజంగానే ఏమీ లేదనుకున్నాడు. "ఏం లేదు, నీకు ఊరికే అలా అనిపిస్తోంది," అన్నాడు, నలుగురిలో.

ఆవిడ దిగి, చెప్పులు వేసుకుని, వానలోనే ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ షెడ్డుకి రాలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ ఏదడిగినా అతను ఊఁ అంటూనే ఉన్నాడు. నా మాటకి ఈ ఇంట్లో విలువ లేదని ఒకటి రెండుసార్లు అన్నట్టుంది. దానికి కూడా ఊఁ అన్నాడేమో, గుర్తులేదు.

బళ్ళు వెనక్కి రావడం అప్పటినుంచే మొదలైంది.

*

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పాడు. ఎప్పుడూ కట్టే గుడ్డలోనే కట్టి ఉంది, ఎప్పుడూ వేసే ముడే. వెళ్ళిపోయే మనిషి కట్టిన డబ్బాలో ఏదో ఒక తేడా ఉంటుందని వెతికాడు. ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా, ఎప్పుడూ పెట్టనిదేదైనా పెట్టిందా అని ప్రతి ముద్దా ఆగి ఆగి తిన్నాడు. ఏ తేడా లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

తర్వాత మళ్ళీ బండి మీద పడ్డాడు. అనుమానితులని ఒక్కొక్కరినీ పట్టుకున్నాడు. డిక్కీలో పాటని పెద్దది చేసే ఆంప్లిఫైయర్ ఉంది. దాని ఎర్త్ వైరు విప్పి చూశాడు. కింద ఇనుము తళతళలాడుతోంది, తనే గీకాడు. నిర్దోషి. పాట వైరు ఎడమ పక్క నుంచి, కరెంటు వైరు కుడి పక్క నుంచి వెళుతున్నాయి, ఎక్కడా కలవలేదు. నిర్దోషులు. టేప్‌రికార్డరు వెనక నల్ల వైరు, దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీకి స్క్రూతో బిగించి ఉంది. కరెంటుకి దారి ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాడు. బుల్బు వెలిగింది. అదీ నిర్దోషే అనుకున్నాడు.

ప్రతిసారీ చెవులుగా డ్రైవరుని కూర్చోబెట్టాడు. డ్రైవరు మంచివాడే కానీ చెవులుగా పనికిరాడు.

"ఇప్పుడు?"

"ఉన్నట్టే ఉంది బాబాయ్. ఆగు. లేనట్టుంది. కాదు కాదు, ఉంది. లేదా అది బయట స్కూటరేమో."

ఓనరు అద్దాల వెనక నుంచి చూస్తున్నాడు. గడియారం చూసుకుంటున్నాడు. డ్రైవరు ఇక లాభం లేదని, పెట్టెలన్నా తెచ్చి పెడతానని వెనక వీధిలో ఉన్న బాబాయ్ ఇంటికి వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు అతని వెనకే ఆవిడ వచ్చింది.

ప్రయాణానికి కట్టుకునే చీర కట్టుకుంది. భుజానికి చేతిసంచి. షెడ్డు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, నేల మీద నూనె మరకలు చూసుకుంటూ, అలవాటైన అడుగులతోనే లోపలికి వచ్చింది. బాబాయ్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. ఆవిడ ఇంటి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. పాలవాడికి చెప్పానని, నీళ్ళ మోటరు స్విచ్చి మరిచిపోకుండా ఆపమని, ఇలాంటివి నాలుగైదు చెప్పింది. ఎదురుగా నిలబడి చెప్పింది కాబట్టి అన్నీ తెలిశాయి. తెలిసినందుకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఉండమనాలి. నోరు తెరిచాడు. వచ్చింది ఇంకో మాట.

"ఒక్కసారి కూర్చుంటావా? ఈ బండిలో దోమ దొరకట్లేదు."

ఆవిడ అతన్ని చూసింది. "నేను ఉందంటే మీరు లేదంటారు. ఎందుకొచ్చిన గొడవ?"

"అనను."

"రైలుకి టైమవుతుంది."

"ఈ బండి బాగుపడితేనే కదా నువ్వు రైలెక్కేది," అన్నాడు డ్రైవరు మధ్యలో. "కూర్చో పిన్నీ, నీకు పుణ్యం ఉంటుంది. పొద్దుటినుంచి బాబాయ్ నన్ను వినమని చంపుతున్నాడు."

ఆవిడ నవ్వలేదు గానీ, పెదవి చివర కదిలింది. చేతిసంచి పక్క సీట్లోకి జార్చింది. డ్రైవరు సీటు వైపు తలుపు పక్కన చెప్పులు విప్పింది. ఎక్కి కూర్చుంది.

బాబాయ్ ఖాళీ క్యాసెట్ తెచ్చి పెట్టాడు. అది ఆ కొట్టుదే. కొట్టు మూసేసినప్పుడు తిరిగి ఇవ్వకుండా ఉంచుకున్నది ఇదొక్కటే. ఆవిడ దాన్ని గుర్తుపట్టింది. పాదం యాక్సిలరేటర్ మీద పెట్టి, కళ్ళు మూసుకుంది.

ఇంజను లేచింది. బాబాయ్ డిక్కీ దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణించి అతనికి కనిపించేది ఆవిడ జడ, ఒక చెవి, స్టీరింగు మీద కుడిచెయ్యి. ఆవిడ ఏదో అని ఉంటుంది. ఏమందో అతనికి తెలీదు.

కానీ వేలు లేచింది.

చూపుడువేలు. అప్పటిలాగే, తనకి తెలియకుండానే, స్టీరింగు మీంచి నిదానంగా పైకి లేచి నిలబడింది. ఆంప్లిఫైయర్ లోంచి పాట వైరు ఊడబీకాడు. వేలు ముడుచుకుంది. మళ్ళీ గుచ్చాడు. లేచింది. అంటే దొంగ డిక్కీలో లేడు. పాట వైరు వెంట ముందునుంచి వస్తున్నాడు.

ముందుకి పరిగెత్తాడు. ఆవిడ మోకాలికి తగలకుండా పక్క సీటు వైపు నుంచి డాష్‌బోర్డు కిందికి దూరాడు. వేలాడుతున్న టేప్‌రికార్డరు పట్టుకున్నాడు. ఒక పొడుగు వైరు తీసుకుని, ఒక కొస దాని ఒంటికి తాకించి, రెండో కొస పట్టుకుని కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. డ్రైవరు అందుకుని బానెట్ కింద బ్యాటరీ ఎర్త్‌కి ఆనించాడు. బాబాయ్ కళ్ళు ఆవిడ వేలి మీదే ఉన్నాయి.

వేలు వంగింది. వంగి, వంగి, అరచేతిలోకి ముడుచుకుంది.

ఆవిడ కళ్ళు తెరిచి అతని వైపు తిరిగింది. "లేదు," అంది. ఆ పెదాల మీద ఆ మాట అతనికి స్పష్టంగా కనిపించింది. పాత తృప్తితోనే అంది. ఆ ఒక్క క్షణం కోసం ఆవిడ రైలు సంగతి మరిచిపోయింది.

మిగతాది పని. ఇనుప పట్టీ విప్పి వెలుగులోకి తెచ్చాడు. కొత్త రకం పట్టీలు, నల్లరంగు దట్టంగా పూసి వస్తున్నాయి. స్క్రూ మొన దగ్గర మాత్రం రంగు కాస్త గీసుకుంది. బుల్బు వెలగడానికి ఆ మాత్రం చాలు. అందుకే టెస్ట్ ల్యాంప్ అబద్ధం చెప్పింది. పాటకి ఆ మాత్రం చాలదు. రంగు గీకకుండా ఎర్త్ బిగించకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, తన చేత్తో రంగు మీదే బిగించాడు. ఆవిడ ఆ సీట్లో ఉండుంటే ఆ రోజే వేలు లేచేది.

కాలి కింద కార్పెట్ ఎత్తి, బండి ఒంటి ఇనుము మీద రూపాయి బిళ్ళంత చోటు ఎంచుకున్నాడు. గరుకు కాగితంతో రంగు పోయేదాకా రుద్దాడు. కింద వెండిలాంటి ఇనుము బయటపడింది. లావు వైరు పొట్టిగా కోసి, పళ్ళున్న వాషర్ వేసి, బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాడు. టేప్‌రికార్డరు గూట్లోకి వెళ్ళింది. పలక ఎక్కింది. అంతసేపూ ఆవిడ సీట్లోంచి దిగలేదు. తొక్కమన్నప్పుడు తొక్కింది. వేలు మళ్ళీ లేవలేదు.

ఆవిడ పాదం అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. మడమ దగ్గర కుట్టుమిషను పెడలు రాసుకుని కాయకట్టిన చోటు. అతనికి ఆ పాదం పట్టుకోవాలనిపించింది. స్పానరు పట్టుకున్నాడు.

*

డ్రైవరు తొందరపెట్టాడు. రైలు వచ్చే వేళైంది, స్టేషను దగ్గర రోడ్డు ఎప్పుడూ ఇరుకే. పెట్టెలు డిక్కీలో పడేసి ముందు తలుపు తీశాడు. ఆవిడ ఇక కిందికి దిగకుండా, చేతిసంచి ఎత్తి పట్టుకుని, పక్క సీట్లోకి జరిగి కూర్చుంది. డ్రైవరు ఎక్కి, ఖాళీ క్యాసెట్ తీసి కిటికీలోంచి బాబాయ్‌కి ఇచ్చి, తన పాట పెట్టుకున్నాడు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. మొహం వెలిగిపోయింది. బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఓనరు బయటికొచ్చాడు. అతని మొహం కూడా విప్పారింది. బండి చుట్టూ తిరిగొచ్చి, ఆవిడ కూర్చున్న కిటికీ దగ్గర బాబాయ్ పక్కన నిలబడి, వెళ్ళిరా పిన్నీ అన్నాడు.

బాబాయ్ కిటికీ అంచు మీద చెయ్యేశాడు. చెప్పాలనుకున్నవన్నీ గొంతులో వరుసకట్టి నిలబడ్డాయి. ఏది ముందు రావాలో తేలలేదు. ఆవిడ తిన్నగా ముందు అద్దంలోకి చూస్తోంది. పక్కనుంచి బుగ్గ కనిపిస్తోంది, చెవి కమ్మ కనిపిస్తోంది. పెదాలు కనిపించలేదు. బుగ్గ కదిలింది. ఏదో అంది. ఏదో చిన్న మాటే. రైలు గురించో, మోటరు స్విచ్చి గురించో.

"ఊఁ," అన్నాడు బాబాయ్.

ఆవిడ తల ఒకసారి ఊపింది. కిటికీ అద్దం పైకెక్కింది. బండి కదిలింది. షెడ్డు గుమ్మం దాటి, రోడ్డెక్కి, మూల మీద కాసేపు ఆగి, మలుపు తిరిగింది. అంతే.

ఓనరు కదలకుండా నిలబడి ఉన్నాడు. అతను బాబాయ్ వైపు చూసిన చూపులో కోపం లేదు. అర్థంకాకపోవడం ఉంది.

"అదేంటి బాబాయ్, అలా అనేశావు?"

బాబాయ్ అతని పెదాలు చూశాడు. "ఏమన్నాను?"

"పిన్ని అడిగింది కదా, నేను వెళ్ళిపోతే మీకేం ఫరవాలేదా అని. ఊఁ అన్నావు."

ఇంజను వెళ్ళిపోయాక షెడ్డులో ఏ మోతా లేదు. బాబాయ్‌కి మటుకు లేదు. చేతిలో ఖాళీ క్యాసెట్ ఉంది. ఆ అరచేతిలోనే తాళంచెవి గుచ్చుకుంటోంది. తల ఎత్తి రేకుల కింద దూలం వైపు చూశాడు.

"పిచ్చుకలు ఉన్నాయా పైన?"

ఓనరు బిత్తరపోయాడు. "ఉన్నాయా ఏంటి? పొద్దుటినుంచి చెవులు తూట్లు పడేలా అరుస్తున్నాయిగా." బాబాయ్ మొహం చూసి మాట మార్చాడు. పిన్ని మెల్లగా అంది కదా, పాట కూడా గట్టిగా ఉంది, ఇంజను మోతలో ఎవరికైనా వినపడదు, స్టేషనుకి ఫోన్ చేద్దాం, ఏం కాదు అంటూ ఒకదాని మీద ఒకటి సాకులు అందించాడు. అన్నీ మంచి సాకులే. ఏది పట్టుకున్నా సీటు నిలబడుతుంది. బండి ఇక వెనక్కి రాదు, రేపటినుంచి మళ్ళీ ఎప్పటిలాగే ఉండొచ్చు.

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంజను కాదు," అన్నాడు. "పాట కాదు. మీ పిన్ని గొంతు చిన్నదీ కాదు. ఇన్నాళ్ళూ తప్పు దాని మీదే వేశాను." ఆగాడు. చూపుడువేలు పైకి లేచి, తన కుడి చెవిని తాకి, అక్కడే ఆగిపోయింది. "దొంగ ఇది. నా చెవి. నాకు వినపడదు."

ఓనరు ఏమన్నా అని ఉంటే బాబాయ్ అటు చూడటం లేదు. అతను నేల వంక చూస్తున్నాడు. ఇందాకటి దాకా టాక్సీ డ్రైవరు తలుపు ఉన్న చోట, నూనె మరకకి అంటకుండా కాస్త ఇవతలగా, ఆవిడ చెప్పులు జంటగా, మడమలు అరిగి, ఇప్పుడే వచ్చి వేసుకుంటుందన్నట్టు ఉన్నాయి.